ఆడపడుచు పన్ను

అందరిలోనూ దేవుణ్ణి చూడమంటారు సరే, ఆ అందరిలో ఆడపడుచు కూడా వస్తుందా అని పళ్ళ డాక్టరమ్మ గ్లవ్స్ తొడుక్కుంటూ ఆలోచించింది, పొద్దున క్లినిక్కుకి వస్తూ కారులో విన్న ప్రవచనంలో ఆ మాట ఎంత తియ్యగా ఉందో, చీమలోనూ ఆయనే, ఏనుగులోనూ ఆయనే అని పెద్దాయన చెబుతుంటే కళ్ళు చెమర్చాయి కూడా, కానీ ఏ చీమా నలుగురిలో కూర్చుని మా మరదలిది పళ్ళు పీకే చదువేగా, అదీ ఒక డాక్టరేనా అనలేదే, అన్న మనిషి ఇప్పుడు బుగ్గ బంతిలా వాచి తన కుర్చీలోనే వెనక్కి వాలి ఉంది, నేను చూపించుకునే డాక్టరు సెలవులో ఉన్నాడమ్మాయ్, లేకపోతే నీకెందుకు శ్రమ అంటోంది, చిర్రెత్తుకొచ్చింది, అణుచుకుంది, క్రోధాన్ని జయించమన్నది నిన్నటి ప్రవచనం, రోజుకొకటి జయించమంటే ఎలా, నిన్నటిదే ఇంకా పెండింగులో ఉంది.

నోరు తెరవండి వదినా అంది, వదిన తెరిచింది, ఈ నోరు ఒక్కరోజైనా మూతపడేలా చూడు స్వామీ అని ఎన్నిసార్లు మొక్కుకుందో, ఆయన దాన్ని బార్లా తెరిపించి తన చేతికే అప్పగించాడు, అద్దం లోపల పెట్టగానే వదిన ఏదో అంది, ఆ ఆ అని తప్ప ఏమీ వినపడలేదు, పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆవిడ మాట అర్థం కాకపోవడం ఇదే మొదలు, ఎంత హాయి, ఇంకాసేపు అద్దం అక్కడే ఉంచితే పాపమా, పాపమే, తీసేసింది, ఎక్స్‌రేలో వేరుదాకా పుచ్చిపోయి కనపడింది, పీకాలి వదినా, ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తాను.

సూది చూడగానే ఆవిడ ముఖంలో నెత్తురుచుక్క లేదు, ఆ పెత్తనమంతా ఎటు పోయిందో, చెయ్యి చాచి డాక్టరమ్మ కోటు అంచు పట్టుకుంది, నాకు చిన్నప్పట్నుంచీ సూదంటే భయమమ్మాయ్, తమ్ముడిక్కూడా తెలీదు, ఎవరితోనూ అనకు, ఇక నీ ఇష్టం, నువ్వెలా చేస్తే అలా, అని గట్టిగా కళ్ళు మూసుకుని మళ్ళీ నోరు తెరిచింది, ఆ తర్వాత పావుగంటలో వదినా లేదు, మరదలూ లేదు, కొక్కెంలా వంగిన ఒక వేరు, దాన్ని విరగకుండా నెమ్మదిగా కదిపే పట్టకారు, అంతే, పన్ను పళ్ళెంలో టక్కున పడ్డాక, దూది కరిచిపెట్టుకున్న వదిన ఒక కన్ను తెరిచి, అయిపోయిందా అన్నట్టు చూసింది, కోటు అంచు మాత్రం వదల్లేదు.

డాక్టరమ్మ కూడా విడిపించుకోలేదు, అలాగే నిలబడిపోయింది, శరణాగతి గురించి పెద్దాయన నెల్లాళ్ళు చెప్పినా తలకెక్కలేదు, ఈవిడ ఒక్క ముక్క వినకుండానే చేసి చూపించింది, అదీ తనకి గిట్టని మనిషి చేతుల్లో, మరి తను, రోజూ దీపం పెట్టి దేవుడి ముందు కూర్చుని ముందు ఇది చెయ్యి, తర్వాత అది చూడు, ఫలానా వాళ్ళ సంగతి మాత్రం మర్చిపోకు అని పురమాయించడమే, ఒక్కనాడైనా నీ ఇష్టం అని ఊరుకున్నదా, పాపం, ఇన్నేళ్ళుగా ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వలేదు.