కీచుమనే దాకా నూనె వెయ్యొద్దు

తొమెజోకి షుగరు ఉన్న సంగతి జపాన్‌లో తకసాకి స్టేషను వెనక వీధి మొత్తానికీ తెలుసు. దాన్ని పట్టించుకోనిది తొమెజో ఒక్కడే. ఈ శరత్కాలంలో మాత్రం కళ్ళ డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "పాస్తా కావాలో చూపు కావాలో మీరే తేల్చుకోండి" అన్నాడు. యౌవనమంతా పాస్తా పెనం ముందే గడిపిన మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది! తొమెజో తన పాస్తా కొట్టుకి తిరిగొచ్చి, ఏప్రన్ విప్పి వంటగది కొక్కేనికి తగిలించాడు. మళ్ళీ దాని జోలికి పోలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. కౌంటరు దగ్గర కూర్చుని ఒక అట్టముక్క మీద కుంచెతో పెద్ద పెద్ద అక్షరాలు రాశాడు. "ఈ నెలాఖరుతో కొట్టు మూసేస్తున్నాం. ఇన్నాళ్ళూ ఆదరించినందుకు కృతజ్ఞతలు."

"ఇదేంటి నాన్నా?" అంది కూతురు చిజురు. తల్లి పోయాక కొట్లో ఆయనకి కుడిభుజం ఈ పిల్లే.

"రుచి చూడలేనివాడు వండకూడదు. అంతే."

"నేను చూస్తాగా రుచి!"

"నీ నాలుకతో నేను వండాలా? ఇంకా నయం, నీ పళ్ళతో నమలమన్నావు కాదు!"

అప్పుడే భోజనానికొచ్చిన మంగలి కువబరా ఊరుకోవచ్చుగా? "మా ఆవిడ ఒళ్ళు తగ్గాలని పాస్తా బదులు కొన్యాకు దుంప దారాలు తింటోంది తొమెజో గారూ. కడుపు నిండుతుందిట, ఒంటికి మాత్రం ఏమీ పట్టదుట" అన్నాడు.

"కొన్యాకా! నా కొట్లోనా!" తొమెజో అంత ఎత్తున లేచాడు. "ఆ దుంప పేరెత్తితే క్షవరానికి కూడా నీ దగ్గరకి రాను!"

"ఉన్న నాలుగు వెంట్రుకలకి బెదిరింపొకటి" అని గొణుక్కుంటూ కువబరా తన ప్లేటులోకి తల దించుకున్నాడు.

ఆ కోపం ఇవాళ్టిది కాదు. తొమెజో పుట్టింది షిమొనిత ఊరి పైన కొండలో, కొన్యాకు పండించే ఇంట్లో. కందకి దాయాది లాంటి దుంప అది. పచ్చిగా నోట్లో పెట్టుకుంటే నాలుక మంటెత్తి పోతుంది. చలి తగిలిందా, కుళ్ళిపోతుంది. అందుకని ప్రతి శీతాకాలం ముందూ విత్తనపు దుంపలన్నిటినీ తవ్వి, బుట్టలకెత్తి, పొయ్యి వేడి తగిలే మేడ గదిలో పరుస్తారు. వసంతంలో మళ్ళీ దించి నాటుతారు. అలా మూడేళ్ళు ఎక్కించి దించితే గానీ దుంప చేతికి రాదు. పిల్లలు మాత్రం కింద చలిగదిలో ముడుచుకుని పడుకోవాలి. "మా అమ్మకి మాకంటే ఆ దుంపలే ముద్దు" అని తొమెజో ఎన్నిసార్లు అన్నాడో! ఒక చలికాలం బుట్ట దించేసి కొండ దిగొచ్చాడు. ఆ తర్వాత కొన్యాకు ముట్టలేదు, అమ్మ కర్మలకి తప్ప ఆ గడప తొక్కలేదు.

అంతా తెలిసి కూడా చిజురు మర్నాడు బజారు నుంచి కొన్యాకు దారాల పొట్లం తెచ్చింది. తండ్రి మళ్ళీ ఏప్రన్ కట్టుకోవాలి, దానికోసం తిట్లు తినడానికైనా సిద్ధమే. పాస్తా వండేవాళ్ళ చెయ్యి కదా, అలవాటు ప్రకారం మరిగే ఉప్పునీళ్ళలో దారాలు వేసింది. అలవాటు ప్రకారమే ఆ నీళ్ళు గరిటెడు తీసి, పంది కీమా, టొమాటో, కాస్త మిసో, అదే సోయా గింజల ముద్ద, కలిపిన సాసులో పోసింది. పాస్తా నీళ్ళయితే ఆ గంజితో సాసు చిక్కబడి దారాలకి పట్టుకునేది. కొన్యాకులో గంజెక్కడిది! సాసు ఒక పక్కకి, నీళ్ళు ఒక పక్కకి విడిపోయాయి.

తొమెజో ఒక ఫోర్కుడు నోట్లో పెట్టుకుని, నమిలి, ఫోర్కు కింద పెట్టాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది చిజురుకి.

"పాపం, చాలా కష్టపడ్డావు" అన్నాడు. "ఆ అట్టముక్క రేపు తలుపుకి కట్టెయ్."

చిజురు కట్టలేదు. మర్నాడు కొట్టుకి సెలవు. రైలెక్కి, బస్సు మారి, కొండమీద ఆ పాత ఇంట్లోనే ఉంటున్న మేనత్త ఫుసనో దగ్గరికి చేరింది.

ఫుసనో నడుము విల్లులా వంగిపోయింది గాని నోటికి ఏ వంకరా లేదు. "మీ నాన్న ఉన్నాడా, పాస్తాలో మునిగిపోయాడా?" అంటూ ఎదురొచ్చింది. పెరట్లో దుంపలు బుట్టల్లో గుట్టలుగా ఉన్నాయి.

చిజురు జరిగిందంతా చెప్పి, ఉప్పునీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మేనత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో నా తల్లీ! అసలే ఒళ్ళంతా నీళ్ళున్నదానికి మళ్ళీ నీళ్ళు పోశావా! రా, ముందు దారం ఎలా పుడుతుందో చూద్దువు గాని."

ఫుసనో ఒక దుంప చెక్కు తీసి, చేతులకి తొడుగులు వేసుకుని, నీళ్ళతో కలిపి గుజ్జుగా రుబ్బింది. అది కాసేపట్లో మైదా జిగురులా సాగింది. చిజురు వేలు పెట్టబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "తెల్లారేదాకా గోక్కుంటావే!"

తర్వాత సున్నపు తేట పోసింది. పోసీ పొయ్యగానే గుజ్జంతా విరిగిపోయింది. ముక్కలు ముక్కలుగా, పాడైన పాలలా.

"అత్తా, పాడైపోయింది!"

"అందరూ ఇక్కడే చెయ్యి తీసేస్తారు. ఆపకు. కలుపు."

చిజురు తొడుగులు వేసుకుని రెండు చేతులా కలిపింది. విరిగింది విరిగినట్టే ఉంది. భుజాలు లాగేస్తున్నాయి. ఇంకా కలిపింది. ఉన్నట్టుండి చేతికింద ఏదో మారింది. ముక్కలన్నీ ఒకదాన్నొకటి వెతుక్కున్నట్టు దగ్గరికొచ్చి, నిగనిగలాడే ఒకే ముద్దయిపోయాయి. నిప్పు లేదు, పిండి లేదు, గుక్కెడు సున్నపు తేట, అంతే.

ఫుసనో ఆ ముద్దని జంతికల గొట్టంలాంటి చెక్కపెట్టెలో పెట్టి, పొగలు కక్కే నీళ్ళ మీద నొక్కింది. అడుగు చిల్లుల్లోంచి తెల్లటి దారాలు ఆగకుండా, తెగకుండా జారాయి. సన్నటి జలపాతం వంటింట్లోకి వచ్చి పడుతున్నట్టే ఉంది. పేరు కూడా అదేగా, షిరతాకి, తెల్ల జలపాతం. చిన్నప్పటినుంచి పొట్లాల మీద చదువుతున్న ఆ పేరు అర్థం చిజురుకి ఆ రోజే కళ్ళకి కట్టింది. నోరు మండించే దుంప, మూడేళ్ళు మేడ ఎక్కీ దిగీ, ఎవరికీ కీడు చెయ్యని ఇంత తెల్లటి తిండి అవుతుందా! చిజురు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిరి అని చెప్పుకుంది.

"ఇక వినుకో" అంది మేనత్త, దారాలు చన్నీళ్ళలోకి దేవుతూ. "ఉడికించి వార్చెయ్యి. ఉత్త పెనం మీద వెయ్యి. మొదట బుసలు కొడుతుంది. ఆ తర్వాత కీచుమంటుంది. కీచుమనే దాకా నూనె వెయ్యొద్దు. అప్పటికి దాని నీళ్ళు పోతాయి, నీ సాసు దిగుతుంది."

"ఈ బుట్టలన్నీ పైకి ఎవరు ఎక్కిస్తారత్తా?"

"ఇంకెవరు? నేనే. చలి ముదిరే లోపల ఎక్కించాలి. ఇంకా సగం అలాగే ఉన్నాయి" అంది, అదేదో పక్కింటి సంగతన్నట్టు.

మర్నాడు మధ్యాహ్నం జనం వెళ్ళాక చిజురు తండ్రి ఇనుప పెనం తీసింది. అత్త ఇచ్చిన దారాలు ఉడికించి, వార్చి, ఉత్త పెనం మీద వేసింది. కౌంటరు దగ్గర తొమెజో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అట్టముక్క ఆయన పక్కనే ఉంది.

పెనం బుసకొట్టింది. ఆవిరి లేచింది. చిజురు కలుపుతూనే ఉంది. ఆవిరి తగ్గింది. కాసేపటికి పెనంలోంచి సన్నటి చప్పుడు వచ్చింది. కీచు. మళ్ళీ కీచు కీచు.

పేపరు కిందపడిన చప్పుడైంది.

తొమెజో వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. చలికాలం పొద్దున్నే, కింద గదిలో దుప్పట్లో ముడుచుకుని ఉండగా, అమ్మ కొన్యాకు వేయిస్తుంటే పొయ్యి మీంచి వినబడే చప్పుడది. ఆ చప్పుడు వినబడితే అన్నం డబ్బాలు సిద్ధమైనట్టే, లేవాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా గుర్తుకు రాలేదాయనకి.

"ఇంకా ఉంది, ఇంకా ఉంది" అన్నాడు. "ఎడం వైపు ఇంకా తడిగా ఉంది. జరుగు."

కొక్కెం మీంచి ఏప్రన్ తీసుకున్నాడు. చిజురు పక్కకి జరిగింది. పెనం రెండుసార్లు ఎగరేసి, చెవి ఒగ్గి విని, అప్పుడు నూనె వేశాడు. వెల్లుల్లి, కీమా, టొమాటో, కొసన మిసో. సాసు దారాలకి పట్టుకుంది. ప్లేటు అడుగున చుక్క నీరు లేదు.

నిలబడే తిన్నాడు. కళ్ళు మూసుకుని తిన్నాడు. రెండో ముద్దకి, "ఉప్పు ఒక్క పిసరు తక్కువ" అన్నాడు. ఆయనే రుచి చూశాడు!

"అక్క చేసిందేనా?"

"ఆఁ."

తొమెజో ఖాళీ ప్లేటు వైపు చూశాడు. దేన్నుంచి పారిపోయి వచ్చాడో అదే ఇన్నేళ్ళు కాచుకుని కూర్చుని, చివరికి అన్నం ప్లేటులో ఎదురొచ్చిందే అని ఆయనకి ఆశ్చర్యం. తమ అన్నం డబ్బాలు నింపింది ఆ దుంపలే. అమ్మ వాటికి వెచ్చదనం ఎందుకిచ్చిందో ఇప్పుడు తెలిసినట్టనిపించి సిగ్గేసింది.

"అమ్మాయ్, దుంపలు పైకెక్కించేశారా?"

"సగమే. అత్త ఒక్కర్తే ఎక్కిస్తోంది."

"ఆ నడుముతోనా!"

చెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. అట్టముక్క తిరగేశాడు, కుంచె తీశాడు. రాయడం అయ్యాక తానే వెళ్ళి తలుపుకి కట్టాడు. చిజురు బయటికెళ్ళి చదివింది.

"రేపు సెలవు. మా అక్క దుంపలు మేడ ఎక్కించాలి. ఎల్లుండి మామూలే."