కోరుట్ల పురుగు

సత్యవ్వ అప్పటికే ముగ్గురు ఆటోవాళ్లను తిట్టి వదిలేసింది. సకల జనుల సమ్మె. బస్సులు డిపోలో పడుకున్నాయి, ఆటోలేమో మేడిపల్లి దాటి రామంటున్నాయి. ఇరవై ఏళ్లు బీడీలు చుట్టి గోళ్లు నల్లబడ్డ చేతులతో కొంగు బిగించి నాలుగో ఆటో ఎక్కింది. జగిత్యాలలో సుఖరోగాల దవాఖానా తరఫున ఊళ్లు తిరిగి, రోగం దాచుకునేవాళ్లను బతిమాలో బెదిరించో మందు మింగించడం ఇప్పుడామె కొలువు.

పొద్దున డాక్టరమ్మ చెప్పింది ఇంకా మింగుడు పడలేదు. సెగరోగం ఒకటేనట, పురుగు మాత్రం ఒకటి కాదట. సిరిసిల్ల సాంచెల వాడల్లో మగ్గాలు నడిపేవాళ్లకు గోలీలతో పోయేది, కోరుట్ల పక్క పల్లెల్లో ఆ గోలీలకు లొంగదట. ఇది దుబాయి నుంచి మగవాళ్లతో దిగిన రకం కావచ్చట. సూది వేయాలి, ఆలుమగలిద్దరికీ ఒకేసారి.

"వేరే రాష్ట్రం మనమడుగుతుంటే వేరువడ్డది పురుగులా?" అని విసుక్కుంది సత్యవ్వ.

కోరుట్ల పక్క పల్లెలో ఉండే స్రవంతికి మూడుసార్లు అవే గోలీలు ఇచ్చింది. తగ్గకపోయేసరికి, "మింగుతున్నవా, పారేస్తున్నవా పొల్లా?" అని దుబాయి నుంచి సెలవు మీదొచ్చిన మొగుడు జలపతి ముందే అరిచింది. అతను పెళ్లాన్ని చూసిన చూపు ఇప్పుడు గుచ్చుకుంటోంది. ఎల్లుండే అతని విమానం. ఆలోగా ఇద్దరినీ జగిత్యాల తేకపోతే ఆ పిల్లకొక్కదానికి సూది వేసినా దండగ.

కోరుట్ల పొలిమేరలో సమ్మెవాళ్ల వంటావార్పు, ఆటో అక్కడే ఆగిపోయింది. రోడ్డు నడుమ పొయ్యిలు, గంజులో ఉడుకుతున్న పప్పు. "తినే పోవాలె సత్యవ్వా, తెలంగాణ బువ్వ!" అని ఎవరో విస్తరి చేతిలో పెట్టారు. కాదంటే ద్రోహి అంటారు. నాలుక కాలుతున్నా గబగబా మింగి, జై కొట్టి, పొలం గట్లమీదుగా నడిచింది.

స్రవంతి వాకిట్లో బోళ్లు తోముతోంది.

"ఆయన పోయిండు. బంద్ ఇంకింత పెరుగుతదని దోస్తు బండి మీద పట్నం పోయిండు. గిప్పుడే, నువ్వచ్చే ముంగట."

సత్యవ్వ అరుగు మీద కూలబడింది. "తప్పు నీది గాదు బిడ్డా. నువ్వు మింగినవ్. గోలీలే పనిచెయ్యలే, పురుగే వేరట. ఫోన్ జెయ్యి, నేను చెప్త."

"ఎత్తుతలేడు. మందు పారేసేదానివి ఊర్ల ఏం జేస్తున్నవో అన్నడు. మల్ల రానన్నడు. నాకొక్కదానికి సూదెందుకు, సత్యవ్వా?"

"లే, పోదాం" అని కసిరింది సత్యవ్వ. తన మీద తనకే ఒళ్లు మండుతోంది. స్రవంతి లేవలేదు.

దండెం మీద జలపతి లుంగీ నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.