మున్నీ ఏడిస్తే పొంగే పాలు

కిషన్‌బాగ్‌లో రాజమణి ఇంట్లో తెల్లారడమంటే బర్రెలు లేవడమే. రాజమణి బకెట్ ముందు పెట్టుకుని పితకడానికి కూర్చుంటుంది. కొడుకు నగేష్ క్యాన్లు బండికి కట్టుకుని అఫ్జల్‌గంజ్ హోటళ్లకు బయలుదేరతాడు. కోడలు గీతాంజలి గోడకు ఆనుకుని కూర్చుని చంటిపిల్ల మున్నీకి పాలిస్తుంది. ఇన్ని పాలున్న ఇంట్లో పుట్టి కూడా మున్నీ అమ్మ దగ్గర తప్ప ఇంకెక్కడా గుక్కెడు తాగదు. దాని పంతం దానిది.

మున్నీ ఆకలితో ఏడిస్తే గల్లీలో పాలు పొంగుతాయి. పుట్టినప్పటి నుంచీ అంతే. పొయ్యి వెలిగి ఉన్నా, ఆరి ఉన్నా, గిన్నెలో పాలంటూ ఉంటే చాలు, నురుగు కట్టి అంచు దాటి కారతాయి. పిల్ల తాగడం మొదలుపెట్టగానే బుద్ధిగా కిందికి దిగిపోతాయి. కరెంటు కోతకు అలవాటు పడ్డట్టే గల్లీవాళ్లు దీనికీ అలవాటు పడ్డారు. పక్కింటి కాశమ్మ గోడ మీంచి, "రాజమణక్కా, పొంగినయ్! పిల్లను జూడు" అని కేకేసి గట్టు తుడుచుకుంటుంది. మొన్నామధ్య వెనక గల్లీలో ఒకళ్లు గృహప్రవేశం పెట్టుకుని, ముహూర్తం దాకా పిల్లకు పాలియ్యకుండా జర ఆగమని అడగడానికి వచ్చారు. రాజమణి చీపురు పట్టుకుని వాళ్లను గల్లీ చివరి దాకా సాగనంపింది.

ఆనందరావు ఫోన్ చెయ్యకపోతే అంతా హాయిగానే ఉండేది.

ఆనందరావుది అఫ్జల్‌గంజ్‌లో టార్పాలిన్లు, తాళ్లు అమ్మే హోల్‌సేల్ దుకాణం. గీతాంజలి అక్కడ కంప్యూటర్ మీద బిల్లులు కొడుతుంది. కాన్పుకు అడిగినన్ని రోజులు సెలవిచ్చాడు, ఆ మాట చెప్పుకోవాలి. కానీ మబ్బులు పట్టాయంటే టార్పాలిన్లకు గిరాకీ మొదలైనట్టే.

"సోమవారం నుంచి రా అమ్మా. రాలేనంటే చెప్పు, వేరే మనిషిని జూసుకుంట" అన్నాడు.

గీతాంజలికి ఆ కొలువంటే ప్రాణం. పేడ, దాణా, క్యాన్లు తప్ప ఇంకో పని ఎరగని ఇంట్లోంచి ఇస్త్రీ చీర కట్టుకుని బస్సెక్కిన మొదటి మనిషి ఆమె. లెక్క తప్పకుండా కొడుతుందని వ్యాపారులు "గీతమ్మ ఉందా?" అని అడిగి మరీ లోపలికి వస్తారు. ఆ పేరు పోగొట్టుకోవాలంటే ఆమెకు గుండె పిండేసినట్టుంది. పిల్లను ఆకలితో ఏడ్పించి వెళ్లాలంటే అంతకన్నా బాధగా ఉంది. ఆమెకు రెండూ కావాలి. అందులో తప్పేమీ లేదు.

పాలసీసా కొన్నారు. మున్నీ దాన్ని నాలుకతో బయటికి నెట్టింది. చెంచాతో పడితే మూతి బిగించింది. కాశమ్మ తన పిల్లలకు వాడిన ఉగ్గుగిన్నె చింతపండు పెట్టి తోమి మరీ తెచ్చింది. దాని కొమ్ము నోటికి తగిలించగానే మున్నీ ఆ పాలన్నీ కాశమ్మ ముఖాన ఊసింది.

అప్పుడు రాజమణికి బర్రె సంగతి గుర్తొచ్చింది. ఒకసారి ఎవరిదో పెళ్లికని ఆమె పుట్టింటికి వెళ్తే, పెద్ద బర్రె నగేష్‌ను దగ్గరికి రానివ్వలేదు. తల్లి విడిచిన చీర చుట్టుకుని, తల మీద ముసుగేసుకుని కూర్చుంటే గాని అది పాలు చేపలేదు. పాలు అమ్ముకునే ఇళ్లలో అందరికీ తెలిసిన కిటుకే ఇది.

"బర్రె నమ్మింది, పిల్ల నమ్మదా?" అంటూ రాజమణి కోడలు కట్టి విడిచిన చీర చుట్టుకుంది. ముసుగేసుకుని, సీసాను కొంగు చాటున దాచి, మున్నీని ఒళ్లో పడుకోబెట్టుకుంది. మున్నీ చీర వాసన చూసి మెత్తబడింది. నోరు కూడా తెరిచింది. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టారు. అంతలో ముసుగు జారి, నాయనమ్మ ముక్కుపుడక కనిపించింది. మున్నీ దాన్ని పట్టుకుని ముచ్చటగా నవ్వింది. నవ్వడం అయిపోయాక ఆరున్నొక్క రాగం అందుకుంది. గల్లీ గల్లీ అంతా పొంగింది. కాశమ్మ తోడేసి మూతపెట్టిన గిన్నె కూడా ఆగలేదు.

నగేష్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "అమ్మా, ఇది బర్రె కాదే!"

"నవ్వకుర! నువ్వైతే చిన్నప్పుడు ఎవలు పోసినా తాగినవ్. నా మనుమరాలికి తెలివుంది" అంది రాజమణి, చీర విప్పుతూ.

సోమవారం పొద్దున గీతాంజలి పిల్లకు కడుపునిండా పాలిచ్చి, పిండిన పాలు ఫ్రిజ్‌లో పెట్టి, వెనక్కి తిరక్కుండా బస్సెక్కింది. తిరిగితే దిగిపోతానని ఆమెకు తెలుసు.

దుకాణం మేడ మీద ఉంటుంది. దాని కింద మొయిన్ భాయ్ చాయ్ హోటల్. అక్కడికి పాలు పోసేది నగేషే కాబట్టి మున్నీ ముచ్చట్లన్నీ మొయిన్ భాయ్‌కి కంఠతా వచ్చు. పొద్దెక్కేసరికి గీతాంజలికి రొమ్ములు బరువెక్కి సలపడం మొదలైంది. కాసేపటికి పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసింది. ఆమె కొంగు నిండుగా కప్పుకుని బిల్లు వైపు చూస్తుండగానే కింద "అరె అరె!" అని గోల మొదలైంది. హోటల్లో పెద్ద గిన్నెడు పాలు పొంగి పొయ్యిని ఆర్పేశాయి.

మొయిన్ భాయ్ గరిటతోనే మెట్లెక్కి వచ్చాడు. "బేటీ, బచ్చీకి ఆకలైతుంది. నా దగ్గర ఒక్క చాయ్‌కి కూడా పాలు నిలుస్తలేవు" అన్నాడు.

ఏడుపు కిషన్‌బాగ్ నుంచి మూసీ దాటి ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. తల్లి ఎక్కడుంటే అక్కడికి వస్తుంది కదా.

చాయ్ లేకపోయేసరికి హమాలీలు టార్పాలిన్ కట్టలు దింపి నీడన కూర్చున్నారు. వాళ్ల పెద్ద ఇశ్రాయేలు, "చాయ్ పడందే నడుము లేవది సేట్" అని తేల్చేశాడు. వరంగల్ పోవాల్సిన లారీ ఖాళీగా నిలబడింది. మబ్బులు చూసి ఆనందరావుకు కంగారు పుట్టింది.

గీతాంజలి ధైర్యం చేసి అడిగింది. "సార్, మధ్యల ఒక్కసారి మా అత్త పిల్లను తీస్కొస్తది. పాలిచ్చి మళ్ల కూసుంట."

"ఇది టార్పాలిన్ల దుకాణం, బాలవాడి కాదు. ఇయ్యాల పిల్ల అంటవ్, రేపు బర్రెను తెస్తనంటవ్. రేపు రామ్‌చందర్ గారు వస్తుండు, పక్క గల్లీల లెక్కలు రాసి రిటైరైన మనిషి. నువ్వు సక్కగ కూసోకుంటే ఆయన్నే కూసోబెడ్త."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మున్నీ గొంతు బొంగురుపోయి ఉంది. ఫ్రిజ్‌లో పాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పిల్లను గుండెకు హత్తుకుని గీతాంజలి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నేను మానేస్త అత్తమ్మా."

"నోర్మూయ్. రేపు నేనే దీన్ని తీస్కొని వస్త. మీ సేటు నన్ను ఏమంటడో జూస్త" అంది రాజమణి.

మర్నాడు రామ్‌చందర్ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, ఆనందరావు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కింద లారీ అలాగే ఉంది. ఆటో ఇంకా మలుపు తిరగకముందే మున్నీ గొంతు వినిపించింది. ఇంత దగ్గరగా ఏడిస్తే మాటలా! మొయిన్ భాయ్ గిన్నె పొంగింది, వీధిలోని చాయ్ బండ్లన్నీ పొంగాయి, ఎదురు మిఠాయి దుకాణంలో బాసుంది కూడా మూత తోసుకుని బయటికొచ్చింది. హమాలీలు మళ్లీ నీడకు చేరారు.

గీతాంజలి కుర్చీలోంచి లేచింది.

"యాడికి?" అన్నాడు ఆనందరావు.

ఆమె మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "తీసేస్తే తీసేయుండ్రి సార్. ముందుగాల నా బిడ్డకు పాలిచ్చి వస్త."

గబగబా మెట్లు దిగింది. మొయిన్ భాయ్ అప్పటికే ఆడవాళ్లు కూర్చునే ఫ్యామిలీ క్యాబిన్ తుడిపించి, పరదా పక్కకు పట్టుకుని నిలబడ్డాడు. రాజమణి పిల్లను అందించి, పరదా బయట బెంచీ వేసుకుని కాపలా కూర్చుంది. మున్నీ అమ్మ నల్లపూసలు గుప్పిట పట్టుకుని, కళ్లు మూసుకుని, గుటక గుటకకూ నిట్టూరుస్తూ తాగింది. గీతాంజలికి రెండు రోజుల సలుపూ దిగిపోయింది. ఉద్యోగం పోయిందనే అనుకుంది, అయినా ఆ క్షణాన ఆమెకు సంతోషంగానే ఉంది.

బయట గిన్నెల్లో పాలు సద్దుమణిగాయి. మొయిన్ భాయ్ డికాక్షన్ కలిపి గ్లాసులు నింపాడు. ఇశ్రాయేలు రెండు గుక్కల్లో తాగి మూతి తుడుచుకుని, "లేవుండ్రి రా!" అన్నాడు. మొదటి చినుకు పడేలోపు లారీ నిండింది.

గీతాంజలి పైకి వచ్చేసరికి ఆనందరావు, రామ్‌చందర్ చెరో గ్లాసు పట్టుకుని కిటికీలోంచి లారీని చూస్తున్నారు. ఆమె తన సంచీ తీసుకోబోయింది.

రామ్‌చందర్ గొంతు సవరించుకున్నాడు. "మరి నేను ఎప్పటి సంది రావాలె?"

ఆనందరావు మనసు కరిగిందో, వ్యాపారం లెక్క కుదిరిందో ఆయనకే తెలియాలి. గ్లాసు ఖాళీ చేసి కిటికీలో పెట్టాడు.

"చాయ్ తాగుండ్రి రామ్‌చందర్ గారూ. కుర్చీ అయితే ఖాళీ లేదు" అన్నాడు. తర్వాత గీతాంజలి వైపు తిరిగి, "సంచీ ఆడ పెట్టు. రేపు మీ అత్తను జర జల్ది రమ్మను. హమాలీలకు చాయ్ లేటు కావొద్దు" అన్నాడు.

గీతాంజలి సంచీ పెట్టేసి, కుర్చీ ముందుకు లాక్కుని, వరంగల్ లారీ బిల్లు కొట్టింది.