వాలులో అక్క నిద్ర

రణరంగంలో పగ్గాలు చేతపట్టి, కుంగిపోయిన వానిని నిలబెట్టిన పార్థసారథికి చేతులు మోడ్చి ఈ కథ చెబుతున్నాను. బండి తోలేవారి చేతులలోనూ, బండిలో పడుకున్నవారి ఊపిరిలోనూ ఆ స్వామి కొలువుండుగాక.

ఆటోమేటిక్ గేరుపెట్టెలు బాగుచేయడంలో ఆరితేరిన ఒకాయనను అందరూ ‘గేర్ల డాక్టరు’ అని పిలిచేవారు. ఒకనాటి ఉదయం ఆయన బావ, జీవితమంతా లారీలు తోలి పని మానుకున్న మనిషి, తన కారును షెడ్డుకు తెచ్చాడు.

“గేరు పడేటప్పుడు కుదుపు కొడుతోందిరా. మీ అక్క తట్టుకోలేకపోతోంది.”

అక్కకు జబ్బు ఎముకలలోకి పాకింది. ఆసుపత్రికి పడుకుని వెళ్లేందుకు బావ ముందుసీటు పీకించి పరుపు అమర్చాడు. ఇంకే బండిలోనూ ఆమె ఒళ్లు ఇమిడేది కాదు.

డాక్టరు ఇంజను వేడెక్కనిచ్చి, అది తిరుగుతుండగానే నూనె కొలిచే పుల్లను లాగి తెల్లగుడ్డకు తుడిచాడు. మట్టం సరిగానే ఉంది. కానీ ఎర్రగా ఉండవలసిన నూనె నల్లబడి, మాడు వాసన కొడుతోంది.

“నువ్వెలా తోలుతున్నావో చూస్తేగానీ చెప్పలేను బావా.”

ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచి తిరిగివచ్చేటప్పుడు డాక్టరు వెనకసీట్లో కూర్చున్నాడు.

“ఏరా, ఇవాళ నాడి చూసేది నాదా, బండిదా?” అంది అక్క.

“నీ నోరు భేషుగ్గా ఉందిగా. బండిదే.”

“అయితే దానికీ పథ్యం పెట్టు. నా ఒక్కదానికే ఎందుకా ఖర్మ?”

కొండవాలు మొదలవగానే బావ గేరును న్యూట్రల్‌లోకి తోశాడు. ఇంజను హోరు అణిగి, బండి నీటిమీద పడవలా జారింది. అక్క మూలుగు ఆగింది, కళ్లు మూతపడ్డాయి. వాలు చివర, బండి పరుగులో ఉండగానే బావ ముందుకు నడిపే ‘డి’ గేరులోకి వేశాడు. దబ్బుమని కుదుపు. ఆమె కెవ్వున లేచింది.

ఆమెను ఇంట్లో పడుకోబెట్టాక తమ్ముడు బావను వాకిట్లోకి పిలిచాడు.

“లారీ అలవాటు దీనికి పనికిరాదు బావా! న్యూట్రల్‌లో జారితే లోపల నూనె సరిగా ఆడదు. పరుగులో గేరు వేస్తే లోపలి క్లచ్ ప్లేట్లు రాసుకుని మాడిపోతాయి. మానకపోతే పెట్టె పోయినట్టే.”

“అలవాటు కాదురా,” అన్నాడు బావ తలవంచుకుని. “గేర్లో దిగితే ఇంజను పట్టి లాగుతుంది. ఆ లాగుడుకే మీ అక్క విలవిల్లాడిపోతుంది. రాత్రంతా దానికి కునుకుండదు. ఆ వాలులోనే కాస్త నిద్ర. చెప్పు, మానెయ్యనా?”

అదే తప్పుకు ఎందరినో కడిగేసిన డాక్టరు బావ భుజం మీద చెయ్యి వేశాడు.

“మానొద్దు,” అన్నాడు. “కిందికొచ్చాక బండి పూర్తిగా ఆపి, బ్రేకు నొక్కి, అప్పుడు ‘డి’ వెయ్యి. ఆ కుదుపైనా తగ్గుతుంది. పెట్టె ఎన్నాళ్లుంటే అన్నాళ్లు.”

పెట్టె అక్క కంటె కొన్నాళ్లు ఎక్కువే బతికింది. తరువాత ఒకనాడు కారు ఇక కదలనని మొరాయిస్తే, ముందుచక్రాలు పైకెత్తి షెడ్డుకు లాక్కువచ్చారు. డాక్టరు గేరుపెట్టె అడుగున నూనె నిలిచే పళ్లెం విప్పాడు. నల్లని పొడి పేరుకుని ఉంది. ప్లేట్లు అరిగి నున్నబడ్డాయి.

“చివరిదాకా ఆ వాలులో నిద్రపోయిందా బావా?”

“దిగిన ప్రతిసారీ.”

డాక్టరు అరిగిన ప్లేటొకటి పక్కన పెట్టాడు. “కొత్త ప్లేట్లు తెప్పిస్తాను.”

“ఎవర్ని ఎక్కించుకోడానికిరా?”

డాక్టరు చేతిలోని పానా కింద పెట్టి, బావ పక్కనే నేలమీద చతికిలబడ్డాడు.

ఈ కథ విన్నవారందరి ఇళ్లలో రోగులకు నొప్పి లేని నిద్ర, వారిని మోసేవారికి తరగని ఓపిక ఆ సారథి ప్రసాదించుగాక.