వడ్ల ఫ్యాన్ ముందు జాకెట్

హిమాలయాల ట్రెక్కు సామాన్లకని అంకిత దాచుకున్నది పదివేలు. బూట్లకే ఆరువేలు పోయాయి. మిగిలిన నాలుగువేలతో నిజామాబాద్‌లో కొన్న జాకెట్ కొండల మీది చలిగాలిని ఆపుతుందా?

"ఆపకుంటే రేపే వాపస్ ఇద్దం. పా, సూద్దం," అంటూ తల్లి గంగమణి ఆమెను కల్లంలోకి తీసుకెళ్లి, వడ్లు తూర్పారబట్టే పెద్ద ఫ్యాన్ ముందు నిలబెట్టింది.

ఫ్యాన్ హోరుమంది. పొట్టు ఎగిరి ముఖానికి కొట్టింది. జాకెట్ లోపల మాత్రం వెచ్చగానే ఉంది.

"అవ్వా, గాలి సొస్తలేదే!" అంకిత గంతులేసింది.

"ఏదీ, ఇటు తే."

గంగమణి చీర మీదే జాకెట్ తొడుక్కుంది. మెడదాకా జిప్పు లాగి, చేతులు చాపి ఫ్యాన్ ముందు నిలబడింది. ఎంతసేపైనా కదలదే!

"బంద్ చెయ్యాల్నా అవ్వా?"

"ఉండనియ్. గాడ మంచు గూడ ఉంటదా?"

"మస్తుంటది."

"గట్లైతే వడ్ల పైసలు రానియ్. నాకు గూడ బూట్లు సూడు."