ఆరు మొహాల అట్ట

దుప్పట్లు ఎండలో వేద్దామని పైఅర దులుపుతుంటే, అత్తగారి పాత దుప్పటి మడతలోంచి ఒక అట్టముక్క జారి కాళ్ల దగ్గర పడింది. దాని మీద ఆరు మొహాలు. మొదటిది నోరారా నవ్వుతుంది, ఆఖరిది బొటబొటా ఏడుస్తుంది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా కింద కూర్చుని, ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

ఇరవై ఏళ్లయింది. అత్తగారికి ఇక వైద్యం లేదని, ఉన్నన్నాళ్లూ బాధ లేకుండా చూసుకుందామని ఆసుపత్రివాళ్లు చెప్పేశాక, వారానికి రెండుసార్లు నర్సు ఇంటికే వచ్చేది. స్టూలు మంచం దగ్గరికి లాక్కుని, వేరే పనే లేనట్టు తీరిగ్గా కూర్చునేది. మనిషిని ఎత్తకుండా పక్కకు ఒత్తిగిలించి దుప్పటి మార్చడం ఆవిడే నేర్పింది. "నీ నడుమూ నడుమేనమ్మా" అనేది. కోడలికి నడుమొకటి ఉంటుందని ఆ ఇంట్లో అన్న మొదటి మనిషి ఆవిడే.

వచ్చినప్పుడల్లా ఈ అట్ట పట్టుకుని, "నొప్పి ఎంతుందో చూపించు పెద్దమ్మా" అనేది. అత్తగారు ఠక్కున నవ్వు మొహం మీద వేలు పెట్టేది. మందు పెరిగేది కాదు. దుప్పటి కింద ముడుచుకుపోయిన ఆ కాలివేళ్లు కోడలికొక్కదానికే తెలుసు. భర్తతో అంటే, "అమ్మే బాగుందంటుంటే మధ్యలో నీ పెత్తనమేంటి? మంచం పక్కన కూర్చోడమూ ఓ పనేనా?" అన్నాడు.

ఒకరోజు ఆయన ఎదురుగానే నర్సుతో, "అబద్ధమండీ, కాళ్లు చూడండి" అని దుప్పటి తీసేసింది. ఆయన గుడ్లురిమాడు. అయినా ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అత్తగారు తప్పు దొరికిన పిల్లలా నర్సు వంక చూసింది. "ఇంటికొచ్చిన మనిషికి ఏడుపు మొహం చూపిస్తామా అమ్మా? మా అత్త ఉంటే చీరేసేది."

నర్సు నవ్వలేదు. అప్పటికప్పుడే డాక్టరుకి ఫోన్ చేసి మందు పెంచింది. సాయంత్రానికి ఆ వేళ్లు విచ్చుకున్నాయి.

తర్వాత రెండు నెలలు! మంచం పక్క కిటికీ దగ్గర అత్తాకోడళ్లిద్దరూ ఎన్ని కబుర్లు చెప్పుకున్నారో. "మీ మామ గురక పెడితే గోడగడియారం కూడా ఝడుసుకుని ఆగేదే" అని అత్తగారు పకపకా నవ్వేది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి, నర్సు ఇంట్లోనే వదిలెళ్లిన ఈ అట్ట కోడలి వైపు తోసింది.

"నీదేదే?"

"నాకేం అత్తయ్యా, బానే ఉన్నా."

"ఆ మాట నాకు చెప్పకు. యాభై ఏళ్లు చెప్పినదాన్ని."

ఆమె వేలు ఐదో మొహం దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. అత్తగారు ఆ వేలు పట్టుకుని అలాగే నిద్రపోయింది. పదిరోజులకి పోయింది. పోయినప్పుడు కూడా ఆ కాలివేళ్లు ముడుచుకోలేదు.

"టీ ఇంకా ఎంతసేపు?" హాల్లోంచి భర్త కేక. "తెచ్చేటప్పుడు కాస్త నవ్వుతూ తే!"

ఇన్నేళ్లూ ఆ కేకకి లేచింది. ఇవాళ అట్ట మీద నాలుగో మొహాన్ని వేలితో నిమిరింది.

"మోకాళ్లు నొప్పండీ, చాలా రోజుల్నుంచి. మీరే పెట్టండి. నాక్కూడా ఓ కప్పు."

కాసేపటికి వంటింట్లో డబ్బాల చప్పుడు.

"చక్కెరెక్కడుంది?"

"వెతకండి" అంది ఆమె, కాళ్లు బారజాపుకుంటూ.