ఎంటర్ మీద వేలు

లోపల ఫ్యాను తిరుగుతోంది కదా, తిరుగుతోందంటే ప్రాణం ఉన్నట్టే, పడుకున్న మా పాప మైత్రేయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నట్టే కంప్యూటరు వెనక అరచెయ్యి పెట్టి చూశాను, వెచ్చటి గాలి తగిలింది, అయినా రిపేరు నుంచి వచ్చాక మొదటిసారి వేస్తే తెర మీద ఆ ఇంగ్లీషు వాక్యం ఒక్కటే, బూట్ అయ్యే డిస్కు లేదని, లేకపోవడమేమిటి, రెండున్నాయి లోపల, మొన్న తాడేపల్లిగూడెంలో రిపేరుకిచ్చే ముందు మూత తీస్తే నేనూ చూశాను, క్యారేజీ గిన్నెల్లా ఒకదాని మీద ఒకటి, మా ఆయన హేమంత్‌కుమార్ చెప్పారు, ఇవి రెండు కాదు కుసుమా, కలిపి ఒకటే, ప్రతి ఫోటో సగం ఇందులో సగం అందులో ఉంటుంది, పని తొందరగా అవుతుందని అలా పెట్టాను, ఒకటి పోతే రెండోది ఉండీ లేనట్టే అని, అప్పట్నించి ఆ పెట్టెను తుడవాలన్నా భయమే నాకు, ఆయన నవ్వుతారు, నీకు భయపడ్డం తప్ప ఇంకేం తెలుసే అని, నిజమే, పాప తుమ్మితే భయం, కొల్లేటి వైపు నుంచి గాలి తిరిగితే వానొచ్చి కరెంటు పోతుందేమోనని భయం, ఇప్పుడేమో ముదినేపల్లి వాళ్ళ పెళ్ళి మొత్తం ఆ రెండిట్లోనే ఉంది, జీలకర్రా బెల్లం నుంచి అప్పగింతల దాకా, ఇంకెక్కడా లేదు, రిపేరుకి ముందే ఖాళీ చేసిన కెమెరా కార్డుల్ని ఆయన పొద్దున్నే కలిదిండిలో ఓణీల ఫంక్షనుకి పట్టుకెళ్ళారు, చేస్తుంటే ఆయన ఫోను మోగుతూనే ఉంది, కెమెరా చేతిలో ఉంటే ఎత్తరు, సాయంత్రం పెళ్ళికూతురి నాన్నగారు ఫోటోలు చూడ్డానికి వస్తున్నారు.

రిపేరు చేసిన సుకుమార్ గారికే ఫోను చేశాను, కంగారేం లేదు మేడం, కంప్యూటరుతో పాటు ఇచ్చిన సంచిలో పెన్‌డ్రైవ్ పెట్టాను చూడండి, అది పెట్టి విండోస్ మళ్ళీ ఎక్కించేద్దాం, నేను చెప్తుంటాను మీరు నొక్కుతుండండి అన్నారు, అలాగేనండీ అన్నాను, ఆ మాట నా నోట్లో ఎప్పుడూ ముందే ఉంటుంది, ఇంటర్ మొదటి ఏడాది, రోజూ ఏలూరు బస్సులో ఒక్కదానివీ ఏం తిరుగుతావులే అమ్మా అని నాన్న అంటే అలాగే నాన్నా అన్నాను, కాలేజీలో కంప్యూటర్ల గది తాళం తీయకముందే నా చదువు అయిపోయింది, డిస్కులు కనిపిస్తున్నాయా మేడం, ఆ కనిపిస్తున్నాయండీ, మొదటిదాని కింద ఫార్మాట్ అని ఉంటుంది, దాని మీదకెళ్ళి ఎంటర్ కొట్టేయండి, వేలు ఎంటర్ మీదే ఉంది, తెర మీద రెండు వరసలు, డిస్కు సున్నా, డిస్కు ఒకటి, రెండు, ఇవి రెండు కాదు కుసుమా.

ఇక్కడ రెండు కనిపిస్తున్నాయండీ అన్నాను, రెండుంటే రెండే కనిపిస్తాయి కదా మేడం, నవ్వారు, షాపులో ఇంకెవరో పిలుస్తున్నారు ఆయన్ని, కొట్టేయండి పర్లేదు, అలాగే దాకా వచ్చింది నాలుక మీదకి, అక్కడ ఆగింది, నొక్కనండీ అన్నాను, గొంతు నాదేనా అనిపించింది, మా ఆయన అవి కలిపి ఒకటే అన్నారండీ, విడివిడిగా కనిపిస్తుంటే నాకు భయంగా ఉందండీ, అవతల పిలుస్తున్నవాళ్ళని ఆగమన్నారాయన, కలిపి పెట్టారా, ఆ ముక్క నాకెవరూ చెప్పలేదేమండీ, ఆగండాగండి, చెయ్యి తీసేయండి, లోపల చిన్న బ్యాటరీ ఉంటే మార్చాను, దాంతో సెట్టింగులు మొదటికొచ్చేసుంటాయి, డిస్కులకేం కాలేదు, ఆ రెండూ ఒకటన్న సంగతి బోర్డు మర్చిపోయింది, అంతే.

పెన్‌డ్రైవ్ తీసేసి, ఆపి మళ్ళీ వేసి, డిలీట్ మీట టకటకా నొక్కితే ఇంకేదో పేజీ వచ్చింది, ఆర్, ఏ, ఐ, డీ, రెండు డిస్కుల్ని కలిపే సెట్టింగట, ఆయన ఒక్కో అక్షరం చెప్తుంటే వెతికి పట్టుకుని సేవ్ కొట్టాను, మళ్ళీ నల్ల తెర, పక్క మీద పాప దగ్గు, ఫ్యాను చప్పుడు, ఆ నలుపులోంచి విండోస్ గుర్తు, ఫోల్డరు తెరిస్తే ముదినేపల్లి పెళ్ళికూతురు తలనిండా తలంబ్రాలతో తలొంచుకుని నవ్వుతోంది, అమ్మయ్య అన్నారు సుకుమార్ గారు, మీరు కొట్టేసుంటే అంతా చెరిగిపోయేది, హేమంత్ గారు నన్ను కొట్టేవారు, అసలెలా తెలిసింది మేడం, తెలియలేదండీ అన్నాను, నిజంగానే తెలియలేదు, ఫోను పెట్టేసి మైత్రేయి పక్కన కూర్చున్నాను, ముక్కు దగ్గర వేలు పెట్టాను, ఇందాకటి వేలే, ఊపిరి వెచ్చగా తగిలింది, నాకు భయపడ్డం తప్ప ఇంకేం తెలియదని ఆయనతో పాటు నేనూ నవ్వేదాన్ని, ఇవాళ ఈ వేలిని పట్టుకుని ఆపింది అదే.